పెంగ్విన్ వాటా ఎంత?

2025 ఆగస్టు మొదట్లో, అంటార్కిటికా ద్వీపకల్పం చుట్టుపక్కల తిరుగుతున్న క్రిల్ ఓడలన్నీ వలలు ఎత్తేయాల్సి వచ్చింది. సీజన్ నవంబరు 30 దాకా ఉంది. కానీ ఆ ఏటికి అనుమతించిన 6 లక్షల 20 వేల టన్నులు అప్పటికే పట్టేశారు. ఈ పరిమితి పెట్టి మూడు దశాబ్దాలు దాటింది, దాన్ని పూర్తిగా అందుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.

క్రిల్ చూడ్డానికి చిన్న రొయ్యలా ఉంటుంది. బాగా ఎదిగితే ఆరు సెంటీమీటర్లు, బరువు మహా అయితే రెండు గ్రాములు. తిమింగలాలు, సీళ్లు, పెంగ్విన్లు, ఆల్బట్రాస్ పక్షులు, చేపలు... ఆ సముద్రంలో దాదాపు అన్నిటి కడుపూ నింపేది ఇదే. మనుషులు నేరుగా తినేది తక్కువ. చచ్చిన కొద్ది గంటల్లోనే దాని కడుపులోని ఎంజైములు దాని ఒంటినే కరిగించేస్తాయి. పైగా పెంకులో ఫ్లోరైడ్ ఎక్కువ. అందుకే పట్టిన వెంటనే ఓడ మీదే ఉడికించి, ఎండబెట్టి, పొడి కొట్టేస్తారు. పొడి ఎక్కువగా సాల్మన్ లాంటి పెంపకపు చేపలకు మేతగా పోతుంది, నూనె ఒమేగా-3 క్యాప్సూళ్లలోకి చేరుతుంది.

ఇంతకీ ఆపమని చెప్పే హక్కు ఎవరిది? మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్ అని ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే మరబోట్లు ఒడ్డున ఆగిపోతాయి. అంటార్కిటికాకు ప్రభుత్వమే లేదు. అక్కడ ఆ పని చేసేది అంటార్కిటిక్ సముద్ర జీవవనరుల పరిరక్షణ కమిషన్. ఆఫీసు ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో. 26 దేశాలు, ఐరోపా సమాఖ్య ఇందులో సభ్యులు. భారత్ 1980ల నుంచీ ఉంది.

ఈ కమిషన్ పుట్టడానికి వెనక ఒక చేదు అనుభవం ఉంది. 1969-70 సీజన్‌లో సోవియట్ ఓడలు దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవి దగ్గర మార్బుల్డ్ రాక్‌కాడ్ అనే చేపను సుమారు 4 లక్షల టన్నులు పట్టాయి. ఒకట్రెండు సీజన్లకే ఆ చేప కుదేలైపోయింది. ఆ తర్వాత అదే ఓడలు క్రిల్ వైపు తిరిగేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది. చేప పోతే ఒక చేపే పోతుంది. క్రిల్ పోతే దాన్ని తినేవన్నీ పోతాయి. 1980లో కాన్‌బెర్రాలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 1982లో అమల్లోకి వచ్చింది. పట్టే జీవి ఒక్కటే కాదు, దాని మీద ఆధారపడ్డ జీవులు కూడా దెబ్బ తినకూడదని అందులో రాసుకున్నారు. ఆ రోజుల్లో అలా రాసుకున్న చేపల ఒప్పందం మరొకటి దాదాపు లేదనే చెప్పాలి.

రాసుకోవడం సరే, లెక్క కట్టడం ఎలా? మామూలు చేపల వేటలో, అసలు వేటే లేనప్పుడు ఎంత ఉండేదో అందులో సగం మిగిలితే చాలనుకుంటారు. పెంగ్విన్ల కోసమే ఆలోచిస్తే నూటికి నూరూ వదిలేయాలి. కమిషన్ ఈ రెండిటికీ మధ్యన 75 శాతం దగ్గర గీత గీసింది. ఇందులో గొప్ప సూత్రమేమీ లేదు, రాజీ అంతే. కానీ పెంగ్విన్‌కీ తిమింగలానికీ ముందే వాటా తీసిపెట్టి, మిగిలిందాంట్లో మనిషి ఎంత పట్టొచ్చో చూడటం అనే వరస నాకు చాలా నచ్చింది.

సముద్రంలో క్రిల్ ఎంతుందో ఎకో సౌండర్‌తో కొలుస్తారు. మన బోట్లలో వాడే ఫిష్ ఫైండర్‌కు ఇది పెద్దన్నయ్య. ఒకటి కంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనుల్లో తేడా చూసి ఇది క్రిల్ గుంపా, ఇంకేదైనానా అని తేలుస్తారు. 2000లోనూ 2019లోనూ చాలా దేశాల ఓడలు కలిసి ద్వీపకల్పం ఉన్న ఆ విశాల ప్రాంతాన్ని ఇలా జల్లెడ పట్టాయి. రెండుసార్లూ 6 కోట్ల టన్నులకు పైనే తేలింది. ఇక వేట ఓడల మీద అబ్జర్వర్లు ఉంటారు. వలలో పడ్డ క్రిల్ కొంత తీసి, ఒక్కొక్కదాన్నీ కంటి దగ్గర్నుంచి తోక కొస దాకా మిల్లీమీటర్లలో కొలిచి రాసుకుంటారు. పిల్ల క్రిల్ పడుతోందా, ముదురు క్రిల్ పడుతోందా అన్నది దాంతో తెలుస్తుంది.

తినేవాళ్ల వైపు నుంచీ లెక్క ఉంది. అంటార్కిటికాలో ఆస్ట్రేలియా వాళ్ల మాసన్ పరిశోధన స్థావరం పక్కనే బెషర్వేజ్ అనే చిన్న దీవి. అక్కడ అడెలీ పెంగ్విన్లు సముద్రానికి వెళ్లొచ్చే దారికి కంచె కట్టి, ఒక సన్నటి సందు వదిలి, అందులో తూకం యంత్రం పెట్టారు. పెంగ్విన్ దాని మీదుగా నడిచిపోతుంటే చర్మం కింద పెట్టిన చిప్‌ను చదివి ఇది ఏ పక్షి, వెళ్తోందా వస్తోందా, బరువెంత అని యంత్రమే నమోదు చేసుకుంటుంది. వెళ్లేటప్పటి బరువుకీ వచ్చేటప్పటి బరువుకీ తేడా చూస్తే పిల్లలకు ఎంత మేత మోసుకొచ్చిందో అంచనా దొరుకుతుంది. పెంగ్విన్‌ను పట్టుకుని హడలగొట్టే పని లేదు.

ఇన్ని లెక్కలున్నా 6 లక్షల 20 వేలు అనే అంకె వీటిలోంచి రాలేదు. ఆ ప్రాంతాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో గతంలో ఏదో ఒక ఏడాది పట్టిన గరిష్ఠాన్ని తీసుకుని కూడితే వచ్చిన మొత్తం అది. లెక్క ప్రకారం 56 లక్షల టన్నుల దాకా అనుమతించొచ్చని తేలినా, వేటను ఎక్కడెక్కడ ఎంత పంచాలో తేలేదాకా ఈ గీత దాటొద్దన్నారు. 6 కోట్లలో 6 లక్షలు అంటే ఒక శాతమే కదా అని వేట కంపెనీలు వాదిస్తాయి. మొత్తం మీద చూస్తే నిజమే. కానీ ఓడలు ఆ సముద్రమంతా తిరగవు. క్రిల్ ఒత్తుగా దొరికే కొన్ని చోట్లకే పోతాయి. పిల్లలకు మేత తేవాల్సిన పెంగ్విన్ కూడా అక్కడికే పోతుంది, గూడు వదిలి మరీ దూరం పోలేదు కాబట్టి. 30 ఏళ్లకు పైగా పోగేసిన లెక్కలతో అమెరికా శాస్త్రవేత్తలు 2020లో ఇదే చూపించారు. గూళ్లకు దగ్గర్లో వేట గట్టిగా సాగినప్పుడు, వాతావరణం అనుకూలించని ఏడాదిలో లాగే పెంగ్విన్లు ఇబ్బంది పడ్డాయి.

దీన్ని ఊహించే 2009లో కమిషన్ ఆ మొత్తాన్ని నాలుగు భాగాలకూ పంచింది. ద్వీపకల్పం పక్కనున్న భాగానికి ఏటా లక్షా 55 వేల టన్నులే. ఈ ఏర్పాటు గడువు 2024లో తీరింది. కొనసాగించడానికి ఏకాభిప్రాయం కుదరలేదు. పంపకం పోయింది, మొత్తం పరిమితి ఒక్కటే మిగిలింది. మరుసటి సీజన్‌లో ద్వీపకల్పం దగ్గర వేట పాత హద్దును దాటిపోయింది, ఆగస్టుకల్లా మొత్తమే నిండిపోయింది. అందుకే ఆ బంద్‌ను వ్యవస్థ పని చేసిందనడానికి సాక్ష్యంగా చూపిస్తే నేను సగమే ఒప్పుకుంటాను.

కమిషన్ బాగా చేసిన పనులూ ఉన్నాయి. టూత్‌ఫిష్ 50 ఏళ్ల దాకా బతికే పెద్ద చేప, ఖరీదు ఎక్కువ. రాస్ సముద్రంలో దీన్ని పట్టే ఓడ ప్రతి టన్నుకూ ఒక చేపకు గుర్తు బిళ్ల గుచ్చి, ప్రాణంతో తిరిగి వదలాలి. తర్వాత పడ్డ చేపల్లో బిళ్లలున్నవి ఎన్నో చూసి మొత్తం సంఖ్య అంచనా వేస్తారు. అంటే వేటగాడే లెక్కలవాడు కూడా. 1990ల్లో టూత్‌ఫిష్ కోసం వేసే గాలాల ఎరకు ఆశపడి వేల ఆల్బట్రాస్‌లు, పెట్రెల్ పక్షులు మునిగి చచ్చేవి. తాళ్లకు బరువులు కట్టడం, రాత్రిపూటే గాలాలు వేయడం, పక్షులను బెదరగొట్టే రిబ్బన్లు వేలాడదీయడం తప్పనిసరి చేశాక, నిబంధనలు పాటించే ఓడల మీద ఆ చావులు దాదాపు ఆగిపోయాయి.

అయితే ఇక్కడ ఏ నిర్ణయానికైనా సభ్యులందరూ సరే అనాలి, ఒక్కరు కాదన్నా కథ అక్కడితో ఆగుతుంది. 15 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న రాస్ సముద్ర రక్షిత ప్రాంతానికి ఏళ్ల తరబడి బేరాలాడితే 2016లో ఒప్పుకోలు దొరికింది. తూర్పు అంటార్కిటికాకు అలాంటిదే కావాలన్న ప్రతిపాదన పదేళ్లకు పైగా బల్ల మీదే ఉంది. మన భారతి స్థావరం ఉన్నది ఆ వైపే.

ఉత్తర ధ్రువంలో వరస తిరగేశారు: పడుతూ లెక్క కట్టడం కాదు, లెక్క కట్టాకే పట్టడం. 1980ల్లో అలాస్కాకూ రష్యాకూ మధ్యనున్న బేరింగ్ సముద్రం నడుమ, ఏ దేశానికీ చెందని 'డోనట్ హోల్' అనే నీళ్లలో పొలాక్ చేపను ఒక దశలో ఏటా 14 లక్షల టన్నుల దాకా పట్టారు. 1992కల్లా అది పదివేల టన్నులకు పడిపోయింది. వేట ఆపి 30 ఏళ్లు దాటినా అక్కడ మళ్లీ మొదలుపెట్టేంత చేప కనపడలేదు. ఆ భయంతోనే, మంచు కరిగి ఆర్కిటిక్ నడిసముద్రం తెరుచుకుంటుండగా పది పక్షాలు 2018లో గ్రీన్‌లాండ్‌లోని ఇలులిసాట్‌లో సంతకాలు చేశాయి. అమెరికా, రష్యా, చైనా, ఐరోపా సమాఖ్య అందులో ఉన్నాయి. అక్కడి 28 లక్షల చదరపు కిలోమీటర్లలో వాణిజ్య వేట అసలు మొదలే కాలేదు. ముందు అక్కడేముందో ఉమ్మడిగా పరిశోధించాలి, అప్పటిదాకా వల వేయకూడదు. 2019-20లో మంచులో ఇరుక్కుని కొట్టుకుపోతూ పరిశోధన చేసిన పోలార్‌స్టెర్న్ ఓడవాళ్లకు అక్కడ చేపలు బహు పలచగా కనపడ్డాయి. గాలానికి చిక్కినవి ఏవో కొద్దిపాటి చేపలే.

2021లో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం 16 ఏళ్లు, అంటే 2037 దాకా నడుస్తుంది. తర్వాత ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు, పది పక్షాల్లో ఏ ఒక్కటీ అడ్డు చెప్పకపోతే.