అడ్డపొగ, అంగిలి క్యాన్సర్: ఒక కారణం దొరికిన కథ

ఉత్తరాంధ్ర తీరంలో పాతతరం ఆడవాళ్లు చాలామంది చుట్టను తిరగేసి కాలుస్తారు. వెలిగించిన కొస నోట్లోకి, చల్లని కొస బయటికి. దీన్నే అడ్డపొగ అంటారు. గాలికి నిప్పు రాలదు, చుట్ట చాలాసేపు వస్తుంది, పని చేసుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. తల్లిని చూసి కూతురు నేర్చుకుంటూ వచ్చిన అలవాటు.

పొగాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్ మిగతా చోట్ల ఎక్కువగా నాలుకకో బుగ్గకో వస్తుంది. గట్టి అంగిలికి, అంటే నోటి పైకప్పులో ఎముక ఉన్న ముందు భాగానికి, రావడం అరుదు. విశాఖ, శ్రీకాకుళం వైపు మాత్రం అంగిలి మీదే పుళ్లు కనిపించేవి. ఇక్కడే ఎందుకు?

క్యాన్సర్ కారణాల వెతుకులాట ఇలాంటి ప్రశ్నతోనే మొదలైంది. 1775లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్, పొగగొట్టాలు శుభ్రం చేసే పనివాళ్లకు వృషణాల తిత్తి మీద క్యాన్సర్ రావడం గమనించి, అక్కడి ముడతల్లో పేరుకున్న మసి మీద అనుమానపడ్డాడు. ఆ అనుమానం ప్రయోగంలో తేలడానికి 140 ఏళ్లు పట్టింది. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా అనే శాస్త్రవేత్తలు కుందేళ్ల చెవులకు నెలల తరబడి బొగ్గు తారు పూసి క్యాన్సర్ పుట్టించారు. 1933లో లండన్ శాస్త్రవేత్తలు రెండు టన్నుల తారు ముద్దను శుద్ధి చేసి, అందులోంచి క్యాన్సర్ పుట్టించే బెంజోపైరీన్ అనే రసాయనాన్ని బయటికి తీశారు. పొగాకు పొగలోనూ ఇది ఉంటుంది.

మన దగ్గర 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు కోస్తాంధ్ర అంగిలి క్యాన్సర్‌కు అడ్డచుట్టే కారణమంటూ వైద్య పత్రం ప్రచురించారు. అయితే ఆసుపత్రికి వచ్చిన రోగులను మాత్రమే చూస్తే సరిపోదు. ఆసుపత్రి మెట్టు ఎక్కనివాళ్ల నోళ్లూ చూడాలి. ఆ పని చేసింది బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దంత పరిశోధన బృందం. భౌతికశాస్త్రానికి పేరుపడ్డ సంస్థ ఊళ్లు తిరిగి జనం నోళ్లు పరీక్షించడం విచిత్రమే, కానీ లెక్కల క్రమశిక్షణ అక్కడ ఉంది. 1960ల్లో శ్రీకాకుళంతో సహా ఐదు జిల్లాల్లో 50 వేల మందికి పైగా పల్లెవాసులను చూశారు. 1971లో డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, టాటా సంస్థకు చెందిన ఫలీ మెహతా బృందం 10,169 మంది ఆంధ్ర గ్రామస్తుల అంగిళ్ల మీద నివేదిక ఇచ్చింది. తెల్లబారడం, ఎర్రమచ్చలు, పుళ్లు: క్యాన్సర్‌కు ముందే అంగిలిలో వచ్చే మార్పులు అందులో నమోదయ్యాయి.

కణం లోపల జరిగేది తెలియడానికి ఇంకొంత కాలం పట్టింది. శరీరం బెంజోపైరీన్‌ను బయటికి పంపే ప్రయత్నంలో మార్చే రూపమే డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. కణం అడ్డూఅదుపూ లేకుండా పెరగకుండా కాపాడే పీ53 అనే జన్యువులో, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో తరచూ దెబ్బతినే చోట్లలోనే అది అతుక్కుంటోందని 1996లో తేలింది. పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధం చూపే గణాంకాల మీద ‘అది కాకతాళీయం’ అంటూ పొగాకు కంపెనీలు దశాబ్దాలపాటు వాదించాయి. ఆ వాదనకు ఇక చోటు లేకుండా పోయింది. అడ్డపొగలో దీనికి తోడు వేడి కూడా ఉంది. నిప్పు అంగిలికి ఆనుకునే ఉంటుంది కదా.

నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా విలువైనది ప్రయోగశాల పని కాదు. ఎర్నాకులం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో అదే టాటా బృందం 36,471 మంది పొగాకు వాడేవారికి ఇంటింటికీ వెళ్లి మానమని నచ్చజెప్పి, ఏళ్ల తరబడి వాళ్ల నోళ్లు చూస్తూ వచ్చారు. ఫలితాలు 1986లో వచ్చాయి. అలవాటు మానినవారు, తగ్గించినవారు పెరిగారు. క్యాన్సర్‌గా మారగల తెల్లమచ్చలు కొత్తగా రావడం తగ్గింది. ‘చిన్నప్పటి అలవాటు, ఇప్పుడేం మానతారులే’ అనుకున్నవాళ్లకు అదే జవాబు.

2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటినవారికి ఊళ్లోనే నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలి. నాలుక, బుగ్గలు చూడటం తేలిక. అంగిలి కనిపించాలంటే తల బాగా వెనక్కి వాల్చమనాలి, కట్టుడుపళ్లుంటే తీయించాలి. అడ్డపొగ ఉన్న ఊళ్లలో టార్చి వెలుగు మొదట అంగిలి మీదే పడాలి.