కొలవని గాలి: సిమ్యులేటర్లు స్టాల్‌ను ఎందుకు సరిగ్గా చూపలేకపోయాయి

టేకాఫ్, మలుపు, ల్యాండింగ్... పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద సిమ్యులేటర్లలో ఇవన్నీ అచ్చం అసలు విమానంలాగే ఉంటాయి. అసలు విమానాన్ని ఆ పరిస్థితుల్లో ముందే ఎగరేసి, కొలిచి, ఆ లెక్కలు అందులో పెట్టారు కాబట్టి. చిక్కంతా కొలవని చోటే, ముఖ్యంగా రెక్క మీది గాలి విడిపోయి విమానాన్ని మోయలేని స్టాల్ అనే స్థితిలో.

1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ తయారుచేసిన మొదటి ట్రైనర్‌లో ఏరోడైనమిక్స్ (గాలి విమానం మీద చూపే బలాల) లెక్కలేవీ లేవు. వాళ్ల నాన్నది ఆర్గన్ వాయిద్యాలు తయారుచేసే ఫ్యాక్టరీ. అక్కడి గాలితిత్తులతోనే ఆ పెట్టె ఊగేది, వంగేది. మీటర్లు చూసి మబ్బుల్లో నడపడం నేర్పడానికి అది చాలింది. విమానం కదలికల సమీకరణాలను బ్రిటిష్ గణితవేత్త బ్రయాన్ 1911లోనే రాశాడు గానీ, వాటిని అప్పటికప్పుడు లెక్కగట్టడానికి కంప్యూటర్లు రావాల్సి వచ్చింది.

ఆ తర్వాత పని పట్టికల మీద నడిచింది. రెక్క గాలికి ఇంత కోణంలో, ఇంత వేగంలో, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచు పలకలు) ఇంత దించి ఉంటే లిఫ్ట్ (పైకెత్తే బలం) ఎంత, డ్రాగ్ (వెనక్కి లాగే బలం) ఎంత అన్నది పట్టికలో చూసుకోవడమే. రెండు గడుల మధ్య విలువను అంచనా కట్టొచ్చు. చివరి గడి దాటితే మాత్రం ఊహే. 1990లలో వచ్చిన ఎక్స్-ప్లేన్ అనే కంప్యూటర్ సిమ్యులేటర్ రెక్కను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క మీద బలాన్ని లెక్కగడుతుంది. నాకది చాలా అందమైన ఆలోచన. కానీ గాలి రెక్కను వదిలేశాక దాని లెక్కా అంచనాగానే మిగులుతుంది.

స్టాల్ అంటే సరిగ్గా అదే. కోణం హద్దు దాటగానే రెక్క పైభాగం మీది గాలి విడిపోతుంది. విమానం వణుకుతుంది. రెండు రెక్కల మీదా ఒకేసారి విడిపోకపోతే ఒక రెక్క ఉన్నట్టుండి కిందికి వాలిపోతుంది. ఈసారి జరిగినట్టు మళ్లీసారి జరగదు. ప్రయాణికుల విమానాన్ని అంత లోతైన స్టాల్‌లోకి తీసుకెళ్లి కొలవడం ప్రమాదం. అందుకే పాత సిమ్యులేటర్లలో స్టాల్ మెత్తగా, ముక్కు కాస్త దిగి ఊరుకునేది. శిక్షణ కూడా మొదటి హెచ్చరిక దగ్గరే ఆగేది. ఎత్తు పోగొట్టుకోకుండా బయటపడితే మంచి పైలట్ అనేవారు. ముక్కు దించి కోణం తగ్గించడమే ప్రాణం కాపాడే పని అయినప్పుడు, ఎత్తు గురించి టెన్షన్ పడటం నేర్పాం. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం స్టాల్ అయి కూలి 50 మంది చనిపోయారు. హెచ్చరికగా కంట్రోల్ కాలమ్ (ముక్కును ఎత్తే, దించే కడ్డీ) వణికినా కెప్టెన్ దాన్ని వెనక్కే లాగాడు. అదే ఏడాది జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్‌లో పడి 228 మంది పోయారు. పడిపోతున్నప్పుడు గాలికి ఆ విమానం రెక్కల కోణం 40 డిగ్రీలు కూడా దాటింది. పట్టికలు అంత దూరం వెళ్లనే లేదు. రెండు ప్రమాదాలకూ వేరే కారణాలూ ఉన్నాయి, తప్పంతా సిమ్యులేటర్‌దే అనడం లేదు. కానీ పూర్తి స్టాల్ ఎలా ఉంటుందో చూపించగల సిమ్యులేటర్ అప్పటికి చాలామంది ఎయిర్‌లైన్ పైలట్లకు అందుబాటులో లేదు.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2013లో పూర్తి స్టాల్ శిక్షణను తప్పనిసరి చేసింది. అందుకు తగ్గ సిమ్యులేటర్ ప్రమాణాలు 2016లో వచ్చాయి, గడువు 2019 మార్చి. కొలతలు లేని చోట విండ్ టన్నెల్ (నమూనా మీదికి గాలి వదిలి కొలిచే సొరంగం) ఫలితాలు, కంప్యూటర్ లెక్కలు వాడారు. ఆ విమానాన్ని నిజంగా స్టాల్ చేసిన పైలట్లను కూర్చోబెట్టి సరిచూశారు. ఇప్పుడు శిక్షకుడి తెరమీద విమానం ఏ హద్దులో ఉందో కూడా కనిపిస్తుంది: ఎగరేసి కొలిచిన ప్రాంతమా, విండ్ టన్నెల్, లెక్కల మీద ఆధారపడ్డ ప్రాంతమా, ఉత్త ఊహా. ఊహలోకి జారితే, ఆ కసరత్తు నుంచి పైలట్ తప్పు పాఠం నేర్చుకోకుండా చూసుకోవాల్సింది ఆ శిక్షకుడే.