చుక్క రక్తంలో ఏం చూశారు?

ప్రియమైన పిల్లలకు, ఆశీస్సులు.

మీరు పంపిన ఉత్తరాల్లో ఏడో తరగతి అమ్మాయి రాసిన కాగితం ఒకటి ఉంది. వాళ్ల ఆశ్రమ పాఠశాలకు రక్తపరీక్షల వాళ్లు వచ్చారట. వేలి మీద పొడిచి ఒక చుక్క తీసుకున్నారు. కొన్నాళ్లకు కార్డులు ఇచ్చారు. తన కార్డులో ‘సికిల్ సెల్ క్యారియర్’ అని ఉంది, పక్క మంచం స్నేహితురాలి కార్డులో ‘సికిల్ సెల్ వ్యాధి’ అని ఉంది. “తాతగారూ, మా రక్తం చెడిపోయిందా? ఒక్క చుక్కలో వాళ్లకు ఏం కనిపించింది?” అని అడిగింది.

చెడిపోలేదమ్మా. ముందు ఈ మాట మనసులో పెట్టుకుని మిగతాది చదువు. మిగిలిన పిల్లలూ చదవండి, ఇలాంటి కార్డులు మన్యంలో చాలా ఇళ్లకు వస్తున్నాయి.

నా చిన్నప్పుడు మా నాన్న మన్యం సంతల్లో వలిసెలు, పిప్పళ్లు కొనేవారు. సంత రోజు బస్తాల మీద కూర్చుని కాపలా కాయడం నా పని. వలిసెల బస్తా మీద కూర్చున్న సుఖం ఏ కుర్చీలోనూ ఉండదు. సన్నటి నల్లటి గింజలు మెల్లగా అటూ ఇటూ జరిగి మనకు చోటిస్తాయి. నాన్న బస్తాను ఎప్పుడూ నిండా నింపనిచ్చేవారు కాదు. “వెలితి ఉంచండిరా, లేకపోతే గుర్రం మీద నిలవదు” అనేవారు. వెలితి బస్తా గుర్రం వీపు మీద రెండు వైపులా వాలి కూర్చుంటుంది. ఇరుకు గుమ్మంలోంచి లాగితే సన్నబడి వచ్చేస్తుంది. అవతల పడగానే మళ్లీ మామూలుగా పరుచుకుంటుంది.

మీ ఒంట్లో ఎర్ర రక్తకణం అచ్చం అలాంటి వెలితి బస్తా. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక మైక్రాన్. ఈ బస్తా అడ్డకొలత 7, 8 మైక్రాన్లు ఉంటుంది. లోపలి సరుకును గుండ్రంగా మూట కట్టడానికి కావలసిన దానికంటే సుమారు 40 శాతం ఎక్కువ గుడ్డ పెట్టి కుట్టినట్టుంటుంది. ఎందుకంత వెలితి అంటే, అది దూరాల్సిన సన్న రక్తనాళాలు చాలా చోట్ల దానికంటే ఇరుకు. కడుపులో ఎడమ పక్కన రక్తాన్ని వడగట్టే ప్లీహంలోనైతే ఒక మైక్రాన్ వెడల్పు చీలికల్లోంచి కూడా జారిపోవాలి. ఇలా సుమారు 120 రోజులు తిరుగుతుంది. బస్తాలోని గింజలే హిమోగ్లోబిన్. ఒక్కో బస్తాలో దాదాపు 27 కోట్ల గింజలు! ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను ఎత్తుకుని, ఒళ్లంతా తిరిగి దించి వచ్చేవి ఆ గింజలే.

స్నేహితురాలి బస్తాలో గింజలు కొంచెం వేరు. ఆక్సిజన్ మోస్తున్నంతసేపు బాగానే ఉంటాయి. దాన్ని దించేశాక ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పుల్లలవుతాయి. గింజల బస్తా కాస్తా పుల్లల బస్తా అయిపోతుంది. మా సంతలో పుల్లలు కుక్కిన బస్తా ఒకటి ఇరుకు సందులో అడ్డం పడితే వెనకాల వచ్చే బస్తాలన్నీ ఆగిపోయేవి. రక్తనాళంలోనూ అంతే. ఆ దారి చివర ఉన్న ఎముకకు ఆక్సిజన్ అందదు, భరించలేని నొప్పి పుడుతుంది. మైక్రోస్కోపులో చూస్తే అలాంటి కణాలు కొడవళ్లలా కనబడతాయి. ఇంగ్లీషులో సికిల్ అంటే కొడవలి, సెల్ అంటే కణం, ఆ పేరు అందుకే. 1910లో షికాగో డాక్టరు జేమ్స్ హెర్రిక్ వాటి గురించి మొదటిసారి రాశారు. పుల్లలు పొడిచీ పొడిచీ ఈ బస్తాలు తొందరగా చిరుగుతాయి, 10, 20 రోజులకే పోతాయి. అందుకే రక్తం తగ్గుతుంది, కళ్లు పచ్చబడతాయి.

ఇది రాస్తుంటే నాతో చదువుకున్న ఒక కుర్రాడు గుర్తొస్తున్నాడు. కొండ అవతలి పల్లె నుంచి నడిచి వచ్చేవాడు. చలికాలం వస్తే మోకాళ్లు పట్టుకుని ఏడ్చేవాడు, కళ్లు పసుపుపచ్చగా ఉండేవి. వాతం అన్నారు, దిష్టి అన్నారు, నూనె కాచి రాశారు. పరుగు పందెంలో వెనకబడితే బద్ధకం అని మేష్టారు కోప్పడేవారు. ఒక చలికాలం తర్వాత వాడు బడికి రాలేదు. వాడికి ఉన్నది ఇదే జబ్బు అని ఇప్పుడు ఎవరు చెప్పగలరు? కానీ ఆ రోజుల్లో చుక్క రక్తం తీసి చూసేవాళ్లు ఉంటే వాణ్ణి బద్ధకస్తుడని మాత్రం ఎవరూ అనేవారు కాదు.

సరే, చుక్కలో ఏం చూశారన్నది కదా ప్రశ్న. క్యాంపులో ముందు చేసేది చాలా తేలిక పరీక్ష. ఒక మందునీళ్ల గొట్టంలో రక్తపు చుక్క వేస్తారు. ఆ మందు బస్తాలను చింపి గింజలను నీళ్లలోకి వదులుతుంది, వాటి దగ్గరున్న ఆక్సిజన్‌నూ లాగేస్తుంది. గొట్టం వెనక గీతలున్న కాగితం పెడతారు. మామూలు గింజలైతే నీళ్లలో కరిగిపోయి గీతలు స్పష్టంగా కనబడతాయి. అతుక్కునే గింజలుంటే నీళ్లు మసకబారి గీతలు కనబడవు. అయితే క్యారియర్‌కూ వ్యాధికీ తేడా ఈ గొట్టం చెప్పలేదు, రెండింటికీ మసకబారుతుంది.

ఆ తేడా తెలియాలంటే గింజలను విడదీయాలి. ఈ అతుక్కునే గింజ మీద విద్యుదావేశం మామూలు గింజ కంటే కాస్త వేరని 1949లో లైనస్ పౌలింగ్ బృందం కనిపెట్టింది. తర్వాత 1957లో వెర్నన్ ఇన్‌గ్రామ్ అసలు తేడా ఎక్కడుందో పట్టుకున్నారు. హిమోగ్లోబిన్ గింజ అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలు గుచ్చిన దండల్లాంటిది. అందులో 146 అమైనో ఆమ్లాలున్న ఒక వరసలో ఆరోది మారింది, గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది. అంతే తేడా! తడి కాగితం మీద చుక్క పెట్టి కరెంటు పంపితే మామూలు గింజలు ముందుకు పోతాయి, ఇవి వెనకబడతాయి. రెండు పట్టీలు కనబడితే క్యారియర్. వెనకబడ్డ పట్టీ ఒక్కటే ఉంటే వ్యాధి. అప్పట్లో దీనికి పెద్ద యంత్రాలు కావలసి వచ్చేవి. ఇప్పుడు గజెల్ అనే చిన్న పెట్టె పది నిమిషాల లోపే చెప్పేస్తుంది. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో మొదలైన ఆలోచన అది, మన దేశంలోనూ పెట్టి చూశారు. పెద్ద ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం ఉంటుంది, గట్టిగా నిర్ధారించడానికి దాన్ని వాడతారు.

గింజ ఏదో తెలిసింది. మరి బస్తా ఎంత గట్టిపడింది? ఈ ప్రశ్న వెనక పడ్డవాళ్లను చూస్తే నాకు చాలా సంతోషం. ఒకే వ్యాధి ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి నొప్పులు ఎక్కువ, ఒకరికి తక్కువ. ఎవరికి ఎప్పుడు వస్తాయో ముందే తెలిస్తే ఎంత మేలు! అందుకని శాస్త్రవేత్తలు గాజు మీద వెంట్రుక కంటే సన్నటి కాలువలు చేసి, కణాలను ఒక్కొక్కటిగా వాటిలోంచి పంపుతారు. చుట్టూ ఆక్సిజన్ తగ్గిస్తూ, ఏ బస్తా ఎంతసేపట్లో దాటింది, ఏది ఇరుక్కుంది అని లెక్కపెడతారు. కాలువ పక్కన విద్యుత్తు తీగలు పెడితే, కణం దాటినప్పుడల్లా కరెంటులో వచ్చే చిన్న మార్పును బట్టే దాని గట్టిదనం పసిగట్టవచ్చు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో సుబ్రా సురేశ్, మింగ్ దావ్ బృందాలు ఇలాంటి పనులు చాలా చేశాయి.

ఇంకొకటి ఉంది, అది చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఉత్త వెలుగుతో కణాన్ని పట్టుకుంటారు. లేజర్ వెలుగును సూది మొనలా ఒకచోటికి చేర్చి, కణాన్ని అందులో ఆపి, రెండు వైపులా లాగి, ఎంత సాగుతుందో చూస్తారు. ఆర్థర్ ఆష్కిన్ కనిపెట్టిన పద్ధతి. ఆయనకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది, అప్పుడు ఆయన వయసు 96. వెలుగు ఎలా లాగుతుందని మీరు అడుగుతారని తెలుసు. దానికి పెద్ద తరగతుల లెక్కలు కావాలి. ప్రస్తుతానికి లాగుతుందని నమ్మి, నాతోపాటు ఆశ్చర్యపోండి.

ఇక నీ విషయం తల్లీ. ఈ గింజ ఎలా తయారవ్వాలో అమ్మ నుంచి ఒక రాత, నాన్న నుంచి ఒక రాత వస్తాయి. ఆ రాతనే జన్యువు అంటారు. నీ స్నేహితురాలికి రెండూ మారాయి, నీకు ఒకటే మారింది. క్యారియర్ అంటే అదే. నీ బస్తాలో మామూలు గింజలే ఎక్కువ, అందుకని మామూలుగా ఒంట్లో పుల్లలు కట్టవు. నీకు జబ్బు లేదు. పైగా ఒకప్పుడు మన్యం జ్వరమంటే మైదానం వాళ్లు హడలిపోయేవారు. అది మలేరియా. నీలా ఒక రాత మారిన వాళ్లు ప్రాణాంతక మలేరియాను తట్టుకుని బతుకుతారని 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించారు. అందుకే మలేరియా ఎక్కువగా ఉండే చోట్ల ఈ రాత తరతరాలుగా నిలిచింది. మీ పూర్వీకులను కాపాడిన రక్తాన్ని చెడ్డరక్తం అనడం నాకు ఒప్పదు. ఒక్క సంగతి మాత్రం పెద్దయ్యాక గుర్తుంచుకోవాలి. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ ఈ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పెళ్లికి ముందు కార్డులు చూసుకోవాలనేది అందుకే. ఆ కార్డు దాచుకోవలసిన వస్తువు కాదు.

స్నేహితురాలికి మాత్రం నీ సాయం కావాలి. ఆమెను నీళ్లు బాగా తాగమను. ఎందుకో విను. గింజలు పుల్లలుగా మారడానికి కొంచెం సమయం పడుతుంది. ఆలోపు బస్తా ఇరుకు సందు దాటేస్తే గండం గడిచినట్టే. ఒంట్లో నీరు తగ్గి బస్తాలో సరుకు చిక్కబడితే ఆ సమయం బాగా తగ్గిపోతుంది. చలి తగలనివ్వకు, జ్వరం వస్తే వెంటనే వార్డెనమ్మకు చెప్పు. డాక్టరు హైడ్రాక్సీయూరియా అనే మందు ఇస్తే మానకుండా వేసుకోమను. పసిపిల్లల్లో ఉండే అతుక్కోని గింజలను అది మళ్లీ తయారు చేయిస్తుంది. డాక్టరు ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా ఇస్తారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికాలో తయారు చేసిన బృందానికి పెద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయన పేరు ఒకసారి చెప్పు, ఆమెకు ధైర్యంగా ఉంటుంది.

2023 జులై 1న దేశంలో ఈ వ్యాధి నిర్మూలన మిషన్ మొదలైంది. 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి దీన్ని లేకుండా చేయాలని లక్ష్యం. మీ బడికి వచ్చిన వాళ్లు ఆ పని మీదే వచ్చి ఉంటారు. వాళ్లను చూసి భయపడి దాక్కునే పిల్లలుంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి.

ఇప్పుడు మీకొక పని. మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మలేరియా కోసం రక్తాన్ని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తారు. రద్దీ లేని వేళ మీ సైన్సు టీచరుతో వెళ్లి, ల్యాబ్ అన్నను మర్యాదగా అడిగి, ఒక్కొక్కరూ ఒకసారి కన్ను పెట్టి చూడండి. తోసుకోవద్దు, గాజు పలకను ముట్టుకోవద్దు. గులాబీ రంగులో గుండ్రటి కణాలు వందలు కనబడతాయి. ప్రతి కణం అంచున రంగు ముదురుగా, నడుమ పాలిపోయి ఉంటుంది. నడుమ ఎందుకు పాలిపోయిందో నేను చెప్పను. వెలితి బస్తాను గుర్తుచేసుకుని మీలో మీరే ఆలోచించి, బొమ్మ గీసి నాకు రాయండి.

మీ తాతయ్య