బ్రిటన్ మీడియా ఎవరి పక్షం, జనం ప్రభుత్వాన్ని ఎందుకు నమ్మరు: అపోహలు - వాస్తవాలు

నేను లండన్‌లో న్యూస్ మానిటరింగ్ చేస్తాను. తెల్లారేలోపు అన్ని పేపర్ల మొదటి పేజీలూ, ముందురోజు రాత్రి బులెటిన్లూ తిరగేసి, ఏ వార్తని ఎవరు ఎక్కడ పెట్టారు, ఎవరి బైట్‌కి ఎన్ని సెకన్లు ఇచ్చారు, మంత్రి ఖండన రెండో పేరాలో ఉందా పద్నాలుగో పేరాలో పడేశారా అని లెక్క కట్టి రిపోర్టు పంపడం నా పని. ఈ ఉద్యోగం అని తెలిసినప్పటి నుంచీ ఇక్కడి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నన్ను ట్యాగ్ చేసి మరీ అడుగుతున్నారు, ఒక్కోసారి తిడుతున్నారు కూడా. ప్రతిసారీ విడివిడిగా టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: బీబీసీ అంటే ఇక్కడి దూరదర్శన్. ప్రభుత్వం ఏం రాసిస్తే అదే చదువుతుంది.

కాదు. అలాగని ప్రభుత్వానికీ బీబీసీకీ ఏ సంబంధమూ లేదంటే అదీ అబద్ధమే. డబ్బు ప్రధానంగా లైసెన్సు ఫీజు నుంచి వస్తుంది, 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. ఏ చానల్ అయినా సరే లైవ్‌లో చూసినా, బీబీసీ వీడియో యాప్ ఐప్లేయర్ వాడినా కట్టాల్సిందే. (కొత్తగా దిగిన స్టూడెంట్లు ఆ హెచ్చరిక ఉత్తరాలు చూసి టెన్షన్ పడిపోతుంటారు. ఆ రెండూ చేయకపోతే ఆ మాటే ఆన్‌లైన్లో డిక్లేర్ చేయండి, సరిపోతుంది.) ఫీజు ఎంతో తేల్చేది మాత్రం ప్రభుత్వం. బీబీసీ చైర్మన్‌ని ఎంపిక చేసేదీ ప్రభుత్వమే. బీబీసీకి ప్రాణం పోసే రాయల్ చార్టర్ గడువు 2027 చివరికి అయిపోతుంది, తర్వాత ఏమిటన్నది తేల్చేదీ వాళ్లే. అంటే పగ్గాలు న్యూస్‌రూమ్‌లో ఉండవు, పై అంతస్తులో ఉంటాయి. ఏ రాత్రి బులెటిన్‌లో ఏం చదవాలో మంత్రి ఫోన్ చేసి చెప్పడు, చెప్పాల్సిన అవసరం కూడా ఉండదు.

రిచర్డ్ షార్ప్ సంగతే చూడండి. అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కి 8 లక్షల పౌండ్ల అప్పు ఏర్పాటయ్యే వ్యవహారంలో తన పాత్ర ఉండి కూడా, ఆ మాట పూర్తిగా చెప్పకుండానే బీబీసీ చైర్మన్ అయ్యాడు, విషయం బయటపడ్డాక 2023 ఏప్రిల్‌లో రాజీనామా ప్రకటించాడు. ఇలాంటివి చూసినవాడికి "అంతా ఒకటే గుంపు" అనిపిస్తే నేను వాణ్ణి తప్పు పట్టను. చరిత్రలోకి వెళ్తే ఇంకా ఉన్నాయి. 1926 సార్వత్రిక సమ్మె అప్పుడు బీబీసీని స్వాధీనం చేసుకోవాలని చర్చిల్ పట్టుబట్టాడు, కేబినెట్ ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో అప్పటి బీబీసీ అధిపతి రీత్ తన డైరీలోనే రాసుకున్నాడు: మేం నిజంగా నిష్పక్షపాతంగా ఉండబోమని వాళ్లకి నమ్మకం ఉంది కాబట్టి, అని. తర్వాత దశాబ్దాల పాటు ఉద్యోగంలో చేర్చుకునేవాళ్ల గురించి దేశీయ గూఢచార సంస్థ ఎంఐ5తో ఆరా తీయించేవాళ్లు. అనుమానం ఉన్నవాళ్ల ఫైలు మీద క్రిస్మస్ చెట్టు ఆకారంలో గుర్తు వేసేవాళ్లట! 1985లో అబ్జర్వర్ పత్రిక బయటపెట్టేదాకా ఇది జనానికి తెలీదు.

ఇక ఇటువైపు లెక్క. ఇరాక్ ఆయుధాల మీద ప్రభుత్వ నివేదికను మసాలా దట్టించి తయారు చేశారని 2003లో చెప్పింది బీబీసీయే. ఆ గొడవ మీద జరిగిన హటన్ విచారణ 2004 జనవరిలో బీబీసీనే తప్పు పట్టింది, చైర్మన్, డైరెక్టర్ జనరల్ ఇద్దరూ వెళ్లిపోయారు. 2016లో ఇరాక్ యుద్ధం మీద చిల్‌కాట్ విచారణ నివేదిక వచ్చి, ఆయుధాల గురించి ప్రభుత్వం అంత గట్టిగా చెప్పడానికి ఆధారాలు లేవని తేల్చింది. ప్రభుత్వ చానలే అయితే ప్రభుత్వంతో గొడవపడి ఇద్దరు పెద్ద తలకాయల్ని పోగొట్టుకోదు కదా.

మన తెలుగువాళ్లకి ఇందులో ఇంకో మెలిక ఉంది. బీబీసీ తెలుగు 2017 అక్టోబర్ 2న మొదలైంది, అప్పటి వరల్డ్ సర్వీస్ (బీబీసీ విదేశీ ప్రసారాల విభాగం) విస్తరణకి డబ్బిచ్చింది బ్రిటిష్ ప్రభుత్వమే, లైసెన్సు ఫీజు కాదు. డిజిటల్ వార్తా సంస్థల్లో విదేశీ పెట్టుబడి 26 శాతం దాటకూడదని భారత ప్రభుత్వం నియమం పెట్టాక, 2024 ఏప్రిల్ నుంచి తెలుగుతో సహా భారతీయ భాషల కంటెంట్‌ని కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే ఇండియన్ కంపెనీ తయారు చేస్తోంది. కాబట్టి "బీబీసీ తెలుగులో ఇలా రాశారు, లండన్ కుట్ర" అని ఫార్వర్డ్ చేసేముందు, అది లండన్‌లో రాసింది కాదని గుర్తుంచుకోండి.

అపోహ: పేపర్లు కూడా తటస్థంగా ఉండాలని చట్టం ఉంది, ఎవరూ పాటించడం లేదంతే.

అలాంటి చట్టమే లేదు. 2003 కమ్యూనికేషన్స్ చట్టం కింద ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ పెట్టిన తటస్థత నియమాలు టీవీకీ రేడియోకీ వర్తిస్తాయి. పేపర్లకి వర్తించవు. పత్రికలవాళ్లు జనం వాయిస్ మెయిళ్లు దొంగచాటుగా విన్న ఫోన్ హ్యాకింగ్ కుంభకోణం, దాంతో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రిక మూత, పత్రికల తీరు మీద లెవెసన్ విచారణ, ఇంత జరిగాక 2014లో ఇప్సో అనే నియంత్రణ సంస్థ వచ్చింది. అది పత్రికలు తమకి తాము పెట్టుకున్నది, గార్డియన్, ఫైనాన్షియల్ టైమ్స్ అందులో చేరనే లేదు. ఇప్సో నియమావళి వార్తలో కచ్చితత్వం అడుగుతుంది, పక్షపాతం ఉండకూడదని మాత్రం అడగదు. పేపరు ఒకవైపు నిలబడి ప్రచారం చేసుకోవచ్చని అందులోనే రాసి ఉంది.

2016 నవంబర్ 4 పేపర్లు దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి. పార్లమెంటు అనుమతి లేకుండా బ్రెగ్జిట్ ప్రక్రియ మొదలుపెట్టకూడదని ముందురోజు హైకోర్టులో ముగ్గురు జడ్జీలు తీర్పిచ్చారు. డెయిలీ మెయిల్ ఆ ముగ్గురి ఫొటోలూ వేసి కింద "ప్రజా శత్రువులు" అని హెడ్డింగ్ పెట్టింది. టెలిగ్రాఫ్ కూడా జడ్జీలకీ ప్రజలకీ యుద్ధం అన్నట్టే పెట్టింది. తీర్పు వివరాల్లో పెద్ద తప్పులు వెతికినా దొరకవు. ఏ ఫొటో ఎంత పెద్దగా వేశారు, దాని కింద ఏ మాట పెట్టారు, పక్షపాతం అక్కడుంది. మన దగ్గర ఏ పేపరు ఏ పార్టీదో హైస్కూలు పిల్లాడు కూడా చెప్పేస్తాడు, ఇక్కడ పేపర్ల విషయంలో అంతే, కొంచెం మర్యాదగా దాచుకుంటారు తప్ప.

టీవీ విషయంలో కూడా గీత చెరిగిపోతోంది. రాజకీయ నాయకులు వార్తలు చదవకూడదన్న నియమాన్ని జీబీ న్యూస్ చానల్ మీద ప్రయోగించిన ఆఫ్‌కామ్‌కి 2025 ఫిబ్రవరిలో హైకోర్టులో చుక్కెదురైంది. వార్తా కార్యక్రమం కానిదానికి ఆ నియమం వర్తించదని కోర్టు చెప్పింది. మామూలు ప్రేక్షకుడికి ఏది వార్తా కార్యక్రమమో ఏది కాదో ఎలా తెలుస్తుందన్నది నా సందేహం, దానికి సమాధానం ఎవరి దగ్గరా లేదు.

అపోహ: సన్ పేపరు ఎవరంటే వాళ్లే ప్రధాని.

1992లో కన్జర్వేటివ్‌లని తామే గెలిపించామని సన్ మొదటి పేజీలో చాటుకుంది, ఆ కథే ఇప్పటికీ నడుస్తోంది. 1997లో లేబర్ వైపు దూకింది, 2009లో వెనక్కి, 2024లో ఓటింగ్‌కి ముందురోజు మళ్లీ లేబర్. గాలి ఎటు వీస్తుందో చూసి తెరచాప తిప్పేవాడు గాలిని తనే పుట్టించానంటే నమ్మేదేముంది?

అపోహ: ఒకప్పుడు జనం నాయకుల్ని దేవుళ్లలా నమ్మేవాళ్లు, ఈ సోషల్ మీడియా వచ్చి చెడగొట్టింది.

1944లో, చర్చిల్ ప్రధానిగా, యుద్ధం నడుస్తుండగా గ్యాలప్ సర్వే సంస్థ అడిగితే, నాయకులు తమ సొంత లాభం కోసమే ఉన్నారని 35 శాతం అన్నారు. 2014లో యూగవ్ అనే ఇంకో సర్వే సంస్థ అదే ప్రశ్న అడిగితే 48 శాతం. నాయకులు నిజం చెప్తారని నమ్మేవాళ్లు ఇప్సోస్ సర్వేలో 1983లోనే 18 శాతం. 2023లో 9. స్వర్ణయుగం ఏదీ లేదు. కానీ పాతాళం మాత్రం నిజం: తమ పార్టీ కంటే దేశ ప్రయోజనాన్ని ముందుంచుతారని ప్రభుత్వాన్ని ఎక్కువసార్లు నమ్మేవాళ్లు బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వేలో 1986లో 40 శాతానికి అటూ ఇటూ ఉంటే 2023కి 14కి దిగారు, "దాదాపు ఎప్పుడూ నమ్మను" అన్నవాళ్లు 45 శాతం. వార్తల మీద నమ్మకం కూడా రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్కల్లో 2015లో 51 శాతం, 2025లో 35. రెండూ కలిసే జారాయి.

అపోహ: ఈ అపనమ్మకమంతా మీడియా పుట్టించిందే.

నన్నడిగితే చాలాసార్లు మీడియా చేసిన తప్పు ఎక్కువ అరవడం కాదు, అరవాల్సిన చోట నోరు మూసుకోవడం. పోస్టాఫీసు హొరైజన్ కేసు. హొరైజన్ అనే ఫుజిత్సు సాఫ్ట్‌వేర్ తప్పుడు లెక్కలు చూపిస్తే, డబ్బు తినేశారని 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్ల మీద నేరాలు రుజువయ్యాయి. వాళ్లలో మన భారతీయులు చాలామంది, గర్భంతో జైలుకెళ్లిన ఆవిడ కూడా ఉంది. విచారణాధికారులు అనుమానితుల్ని జాతిని బట్టి, బూతులాంటి పాత పదాలతో వర్గీకరించాలని చెప్పే పోస్టాఫీసు పత్రం ఒకటి 2023లో బయటికొచ్చింది. ఈ కథని మొదట వేసింది పెద్ద పేపర్లేవీ కాదు, కంప్యూటర్ వీక్లీ, 2009 మేలో. దేశం మొత్తం మండిపడింది 2024 జనవరిలో ఐటీవీ సీరియల్ వచ్చాక. మే నెలకల్లా ఆ దోషనిర్ధారణల్ని మూకుమ్మడిగా కొట్టేస్తూ చట్టం వచ్చేసింది. పదిహేనేళ్లు వినపడనిది నాలుగు రాత్రుల సీరియల్‌తో వినపడింది!

హిల్స్‌బరో ఇంకా ఘోరం. 1989లో ఫుట్‌బాల్ స్టేడియంలో తొక్కిసలాట, 97 మంది లివర్‌పూల్ అభిమానుల ప్రాణాలు పోయాయి. తప్పు అభిమానులదేనని పోలీసులు కథ అల్లారు, ఆ కథని సన్ "నిజం" అనే హెడ్డింగ్‌తో మొదటి పేజీలో అచ్చేసింది. వాళ్లది అక్రమంగా తీసిన ప్రాణాలని 2016లో జ్యూరీ తేల్చింది. లివర్‌పూల్‌లో ఈరోజుకీ ఆ పేపరు అమ్మని షాపులున్నాయి. అక్కడి మనిషితో ప్రభుత్వం మీద అపనమ్మకం, మీడియా మీద అపనమ్మకం రెండు వేర్వేరు విషయాలని వాదించి చూడండి, తెలుస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ ఉన్న రక్తం ఎక్కించిన కలుషిత రక్తం కేసులో 30 వేల మందికి పైగా రోగాల పాలయ్యారు, నిజాన్ని దాచారని 2024 మేలో విచారణ నివేదికే చెప్పింది. జనం ఊరికే అనుమానించడం లేదు.

అపోహ: రెండువైపులవాళ్లూ తిడుతున్నారంటే మధ్యలో ఉన్నట్టే.

ఇది బీబీసీవాళ్లు తమకి తాము చెప్పుకునే ఓదార్పు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు వాళ్ల కష్టం నాకూ తెలుసు. 1985లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1982 బీరూట్ మారణకాండ టీవీ వార్తల్ని ఇజ్రాయెల్ అనుకూలురకీ అరబ్ అనుకూలురకీ చూపిస్తే, అవే క్లిప్పులు తమకి వ్యతిరేకంగా ఉన్నాయని ఇద్దరూ అన్నారు. అంతవరకూ నిజం. కానీ రెండు వైపుల నుంచి తిట్లు రావడానికి రెండు వేర్వేరు తప్పులు కూడా కారణం కావచ్చు. 2025లోనే చూడండి: గాజా పిల్లల డాక్యుమెంటరీలో కథ చెప్పిన కుర్రాడు హమాస్ ప్రభుత్వ అధికారి కొడుకని చెప్పకుండా బీబీసీ ప్రసారం చేసి, తర్వాత తీసేశారు, ఆఫ్‌కామ్ దాన్ని తప్పుదోవ పట్టించేదిగా తేల్చింది. అదే ఏడాది గాజా డాక్టర్ల మీద తీసిన ఇంకో డాక్యుమెంటరీని పక్షపాతంగా కనిపిస్తుందని పక్కన పెట్టేస్తే చానల్ 4 వేసింది. మొదటిదానికి ఒకరు తిట్టారు, రెండోదానికి ఇంకొకరు. రెండు తిట్లూ కలిపి సున్నా అయిపోవు. నవంబర్‌లో ట్రంప్ ప్రసంగంలోని వేర్వేరు ముక్కల్ని అతికించి చూపించిన వ్యవహారంలో బీబీసీ డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, న్యూస్ హెడ్ డెబోరా టర్నెస్ ఒకేరోజు రాజీనామా చేశారు.

మా పనిలో తిట్లని లెక్కపెట్టం. ఒకే బులెటిన్‌ని ఇద్దరు విడివిడిగా కోడ్ చేస్తారు: ముందు ఎవరు మాట్లాడారు, చివరి మాట ఎవరిది, రిపోర్టర్ "చెప్పారు" అన్నాడా "ఒప్పుకున్నారు" అన్నాడా. ఇద్దరి లెక్కా కలవకపోతే పక్షపాతం ఉందని చెప్పే హక్కు మాకు లేదు, మళ్లీ మొదటి నుంచి. చాలాసార్లు కలవదు.

అపోహ: నిందితుడి పేరు చెప్పలేదంటే దాస్తున్నారనే అర్థం.

2024 జులై 29, ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్ పట్టణం. ముగ్గురు చిన్నపిల్లల్ని చంపేశారు. నిందితుడికి 17 ఏళ్లు, మైనర్ పేరు వేయడానికి చట్టం అడ్డు. ఆ ఖాళీలోకి ఒక తప్పుడు పేరు, పడవలో వచ్చిన శరణార్థి అన్న పుకారు వచ్చి చేరాయి. నిజానికి ఆ కుర్రాడు కార్డిఫ్‌లో పుట్టినవాడు. ఆగస్టు 1న జడ్జి పేరు వెల్లడికి ఒప్పుకునేసరికే మసీదు మీద దాడి జరిగిపోయింది, తర్వాత శరణార్థులున్న హోటల్‌కి నిప్పు పెట్టారు. అరెస్టు జరిగిన నిమిషం నుంచి 1981 కోర్టు ధిక్కార చట్టం అమల్లోకి వస్తుంది, విచారణని దెబ్బతీసేది ఏది వేసినా ఎడిటర్ బోనెక్కాలి. అతని దగ్గర రైసిన్ విషం, అల్ ఖైదా పత్రం దొరికాయన్నది అక్టోబర్ చివరికి గానీ బయటికి రాలేదు, "చూశారా, దాచారు" అన్నారు. నా దృష్టిలో చట్టం ఉద్దేశం మంచిదే, కానీ స్మార్ట్‌ఫోన్లు లేని కాలంలో రాసుకున్న చట్టం. 2025 ఆగస్టులో పోలీసులు మార్గదర్శకాలు మార్చి, పెద్ద కేసుల్లో చార్జిషీటు దాకా వస్తే జాతి, జాతీయత చెప్పడం గురించి ఆలోచించమన్నారు.

నిజంగా దాచిన కేసు వేరే ఉంది. బ్రిటన్‌కి రావడానికి దరఖాస్తు పెట్టుకున్న దాదాపు 19 వేల మంది అఫ్గాన్ల వివరాలు 2022లో రక్షణ శాఖ నుంచి లీకయ్యాయి. 2023 సెప్టెంబర్‌లో ప్రభుత్వం కోర్టుకెళ్తే సూపర్ ఇంజంక్షన్ వచ్చింది: లీక్ గురించే కాదు, అలాంటి ఆర్డర్ ఒకటి ఉందని కూడా రాయకూడదు. కొంతమంది రిపోర్టర్లకి అంతా తెలుసు, నోరు మెదపలేరు. మధ్యలో జనరల్ ఎలక్షన్ కూడా అయిపోయింది. 2025 జులై 15న ఎత్తేశారు. ప్రభుత్వం చెప్పిన కారణం ఆ అఫ్గాన్ల ప్రాణరక్షణ, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు, అయినా పార్లమెంటుకి కూడా తెలియకుండా రెండేళ్లంటే ఎవరికైనా మండుతుంది.

ఇక్కడ ఉంటున్నవాళ్లకి ఒక్క మాట. ఆ ధిక్కార చట్టం జర్నలిస్టులకి మాత్రమే కాదు, అందరికీ కనిపించేలా ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టేవాళ్లకీ వర్తిస్తుంది. సౌత్‌పోర్ట్ గొడవలప్పుడు ఆన్‌లైన్ రాతలకే జైలుకెళ్లినవాళ్లున్నారు. వీసా మీద ఉన్నవాళ్లు అరెస్టయినవాడి పేరు, ఫొటో "వీడే" అని షేర్ చేయకండి.