రేసింగ్ గేముల్లో టైరు వేడి గొడవ ఎప్పటి నుంచి?

నిజం కారు నడిపినట్టే ఉండేలా చేసే కార్ సిమ్ గేమ్ ఏదైనా సరే, కొత్త అప్‌డేట్ వచ్చిందంటే వారం తిరగకుండానే అదే ఫిర్యాదు: మలుపులో ఒక్కసారి జారితే చాలు, టైరు వేడెక్కిపోయి తర్వాతి రెండు మూడు మలుపులు ఐసు మీద నడిపినట్టే ఉంటోందని. చాలామంది ఇది బగ్ అనుకుంటారు గానీ అసలు సంగతి 1980ల నాటిది.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీలో హాన్స్ పచేకా అనే ప్రొఫెసర్ ఉండేవారు. వోల్వో ఇంజినీర్లతో కలిసి 1987లో ఆయన ఒక పేపర్ వేశారు. టైరు తిరిగి ఉన్న దిశకూ, అది నిజంగా పోతున్న దిశకూ మధ్య కోణం పెరిగేకొద్దీ పక్కకు ఎంత బలం పుడుతుందో కొలిచి, ఆ గ్రాఫ్‌కి సరిపోయే సమీకరణం రాశారు. గ్రాఫ్ ఆ ఆకారంలోనే ఎందుకుందో అది చెప్పదు, లెక్క మాత్రం భలే కుదురుతుంది, అందుకే దానికి మ్యాజిక్ ఫార్ములా అన్న పేరు స్థిరపడింది. ప్రాసెసర్ మీద పెద్దగా భారం పడదు కాబట్టి గేములు చేసేవాళ్లకూ నచ్చింది. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఫార్ములాలో వేడి అన్న మాటే లేదు.

దాంతో వేడిని విడిగా లెక్కగట్టి, వచ్చిన గ్రిప్‌ని ఇంత శాతం తగ్గించు, ఇంత పెంచు అని పైన తగిలించడం మొదలైంది. ఇక్కడే నిజం టైరు ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే దానిలో వేడి ఒకటి కాదు. రోడ్డుకు రాసుకునే పైపొర జారినప్పుడు క్షణాల్లో కాగి, మళ్లీ త్వరగానే చల్లారుతుంది. లోపలి కార్కస్, అంటే టైరు ఒంటి చట్రం, మాత్రం తిరిగిన ప్రతిసారీ నలిగి, ఆ నలుగుడుకే మెల్లగా వేడెక్కుతుంది, చల్లారడానికీ అంతే సేపు తీసుకుంటుంది. ఈ రెండింటినీ ఒకే అంకెలో కుక్కితే జారినా ఏమీ కాని గేమైనా వస్తుంది, ఒక్క జారుడుకే ల్యాప్ అంతా పోయే గేమైనా వస్తుంది.

పాపిరస్ అనే కంపెనీ తీసిన గ్రాండ్ ప్రి లెజెండ్స్ గేమ్‌లో, అంటే 1998కే, గరాజ్ స్క్రీన్ మీద ప్రతి టైరుకూ లోపలి అంచు, మధ్య, బయటి అంచు వేడి వేర్వేరుగా కనిపించేది. ఆ గేమ్ వెనకున్న డేవిడ్ కేమర్ తర్వాత ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ రేసింగ్ గేమ్ పెట్టి, 2011లో గ్రాఫ్‌కి సరిపెట్టే పద్ధతే వదిలేసి రబ్బరు, కార్కస్ గుణాల నుంచే గ్రిప్ లెక్కగట్టే కొత్త మోడల్ తెచ్చారు. ఆలోచన మంచిదే, కానీ చల్లటి టైర్ల మీదే కారు వేగంగా పోతోందన్న విమర్శ ఆ గేమ్‌ని చాలాకాలం వెంటాడింది. నిజం ట్రాక్ మీద చల్లటి టైరుకు పట్టు తక్కువ, అందుకే ఫార్ములా వన్ జట్లు రేసుకు ముందు టైర్లకు కరెంటు దుప్పట్లు చుట్టి వేడిచేస్తాయి మరి! లైవ్ ఫర్ స్పీడ్ అనే గేమ్‌ది ఇంకో రకం కష్టం, 2008లో ప్రకటించిన ఫోక్స్‌వ్యాగన్ షిరాకో కారు కొత్త టైర్ ఫిజిక్స్ తెమలక ఏళ్ల తరబడి ఆగిపోయింది.

వేడితో పాటు లోపలి గాలి ఒత్తిడీ పెరుగుతుంది కాబట్టి ఇప్పుడు తగవు అటు మళ్లింది. అసెట్టో కోర్సా కాంపిటిజియోనే అనే గేమ్‌లో జీటీ3 తరగతి రేసు కార్ల టైర్లలో గాలి ఒత్తిడి వేడెక్కాక 27.5 పీఎస్ఐ (ఒత్తిడి కొలిచే యూనిట్) దగ్గర ఉండాలని అందరూ బట్టీపట్టేశాక, 1.9 అప్‌డేట్‌తో అది 26, 27 మధ్యకు దిగింది, దాచుకున్న సెటప్‌లన్నీ, అంటే కారు సెట్టింగులన్నీ, మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చింది.