ఒక్కటే నెలవంక, పండగ మాత్రం రెండు రోజులు

రంజాన్ ఇరవై తొమ్మిదో రోజా (ఉపవాసం) సాయంత్రం. ఇఫ్తార్ అయింది, సూర్యాస్తమయపు మగ్రిబ్ నమాజ్ అయింది, ఇక అందరూ నెలవంక కోసం పడమర వైపే. సగం మంది ఆకాశంలోకి చూస్తుంటే సగం మంది ఫోన్లోకి చూస్తుంటారు. ఇషా (రాత్రి నమాజ్) తర్వాత రంజాన్‌లో చేసే తరావీహ్ నమాజ్ ఉందా లేదా, తెల్లవారుజామున సహరీ భోజనానికి లేవాలా, ఆఫీసులో సెలవు రేపటికి పెట్టాలా ఎల్లుండికా, అన్నీ ఆ సన్నటి గీత కనపడే దాకా తేలవు. ఈలోగా వేరే దేశంలో రేపే ఈద్ అని మెసేజ్ వచ్చేస్తుంది, టెన్షన్ ఇంకాస్త పెరుగుతుంది.

గ్రహణాన్ని సెకన్లతో సహా చెప్పేస్తున్న రోజుల్లో పండగ తేదీ ముందు రాత్రి దాకా తెలియకపోవడం ఏంటని చాలామంది అడుగుతారు. మతానికీ సైన్సుకీ గొడవ అని తేల్చేస్తారు కూడా. చరిత్ర కాస్త తిరగేస్తే అంత సులువుగా తేలదు.

ఇస్లాంకు ముందు అరబ్బులు నెలల్ని ముందుకీ వెనక్కీ జరిపేవాళ్లు. రుతువులతో కుదరడానికి అధిక మాసం కలిపేవాళ్లనీ చెబుతారు. ఖుర్ఆన్‌లోని తౌబా అనే అధ్యాయం ఈ జరపడాన్ని తప్పుబట్టి, ఏడాదికి పన్నెండు నెలలే అని ఖాయం చేసింది. దాంతో చంద్రుణ్ణి బట్టి నడిచే హిజ్రీ (ఇస్లామిక్) ఏడాదికి 354 లేదా 355 రోజులే. రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు వస్తూ 33 ఏళ్లకు రుతువులన్నీ చుట్టేస్తుంది. చలికాలపు పొట్టి పగళ్లలో మొదటి రోజా ఉన్న కుర్రాడికి పదహారు పదిహేడేళ్లు తిరిగేసరికి మండు వేసవి రోజాలు ఎదురవుతాయి.

రంజాన్ ఉపవాసాలు విధి అయింది హిజ్రీ రెండో ఏట, అంటే 624లో. నెలవంక చూసి మొదలుపెట్టండి, చూసి విరమించండి, మబ్బు పడితే ముప్పై పూర్తి చేయండి అన్నది ప్రవక్త మాట. మనం రాతా లెక్కా తెలియని సముదాయం అని, రెండు చేతుల వేళ్లూ మూడుసార్లు చూపిస్తూ, మూడోసారి బొటనవేలు ముడిచి నెల ఇరవై తొమ్మిది కూడా ఉంటుందని చెప్పిన హదీసు (ప్రవక్త మాటల నమోదు) ఒకటుంది. ఈనాటి వాదనంతా ఈ మాట చుట్టూనే. లెక్క రాదు కాబట్టి చూడమన్నారా, లేక అందరికీ అందే పద్ధతి కాబట్టి చూడమన్నారా?

ఇంకో సంఘటన నాకు మరీ ఇష్టం. కురైబ్ అనే ఆయన సిరియా వెళ్లి, అక్కడ జుమా (శుక్రవారం) రాత్రి నెలవంక చూశాడు. (ఇస్లాంలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, కాబట్టి అది మన లెక్కలో గురువారం సాయంత్రం.) నెలాఖరుకి మదీనా వస్తే, ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ మేం శనివారం రాత్రి (మన లెక్కలో శుక్రవారం సాయంత్రం) చూశాం, మా లెక్క ప్రకారమే పూర్తి చేస్తాం అన్నారు. సిరియాలో పాలకుడు ముఆవియా చూసింది సరిపోదా అంటే, సరిపోదు, ప్రవక్త మాకు ఇలాగే ఆజ్ఞాపించారు అని జవాబు. అంటే ప్రవక్త సహచరుల కాలంలోనే రెండు ఊళ్లలో రెండు తేదీలు! దీన్ని పట్టుకుని షాఫియీ ధర్మశాస్త్ర సంప్రదాయం వాళ్లు ఎక్కువగా ఏ ప్రాంతపు చూపు ఆ ప్రాంతానికే అన్నారు. మరో సంప్రదాయమైన హనఫీల్లో బలమైన అభిప్రాయం ఒక చోట చూస్తే అందరికీ వర్తిస్తుందని. అయినా పెద్ద ఇబ్బంది రాలేదు, ఎందుకంటే పక్క దేశం కబురు చేరేసరికి పండగే అయిపోయేది. టెలిగ్రాఫ్ వచ్చాక అసలు గొడవ మొదలైంది. తంతి సాక్ష్యం చెల్లుతుందా అని పండితులు వాదించుకున్నారు, తర్వాత ఫోను, రేడియో.

విచిత్రం ఏంటంటే, నమాజ్ వేళల విషయంలో లెక్కని ఎవరూ పెద్దగా కాదనలేదు. ఒకప్పుడు నీడ పొడవు చూసి అసర్ (మధ్యాహ్నం తర్వాతి నమాజ్) వేళ పట్టేవాళ్లు. తర్వాత మసీదుల్లో వేళలు లెక్కగట్టే ముఅక్కిత్ అనే ఉద్యోగమే వచ్చింది. డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో ఆ పని చేసిన ఇబ్న్ అల్ షాతిర్ 1371లో మినార్ కోసం నీడ గడియారం చేశాడు, పైగా ఆయన ఖగోళ శాస్త్రంలో దిట్ట. ఇవాళ యాప్ అజాన్ వినిపిస్తే నీడ కొలిచేవాళ్లెవరు?

నెలవంక దగ్గర మాత్రం చిక్కు వేరు. అమావాస్య ఘడియ లెక్కకు అందుతుంది, కానీ ఆ ఘడియలో చంద్రుడు కనపడడు. సూర్యుడి నుంచి దాదాపు 7 డిగ్రీలైనా జరగాలి, మామూలు కంటికి ఇంకా ఎక్కువ కావాలి, ఆపైన మబ్బూ దుమ్మూ. కాబట్టి 'లెక్క' అన్నా ఏ లెక్క అని మళ్లీ ప్రశ్నే. ఈజిప్టు హదీసు పండితుడు అహ్మద్ షాకిర్ 1939లో, లెక్క రాని కాలపు నియమం లెక్క వచ్చాక మారాలని రాశారు. టర్కీ లెక్కతోనే నడుస్తుంది. ఉత్తర అమెరికా ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్ర) కౌన్సిల్ 2006లో అటు మళ్లింది. సౌదీలో ఉమ్ముల్ ఖురా అనే అధికారిక క్యాలెండర్ ముందే అచ్చవుతుంది, రంజాన్‌కి మాత్రం సాక్షుల మాట వింటారు. ఇండోనేషియాలోనైతే రెండు పెద్ద సంస్థలు, ముహమ్మదియా లెక్క మీద, నహ్‌దతుల్ ఉలమా చూపు మీద, ఒక్కో ఏడాది వేర్వేరు రోజుల్లో ఈద్ చేస్తాయి.

ప్రపంచానికంతా ఒకే క్యాలెండర్ అని 2016లో ఇస్తాంబుల్ సమావేశం తీర్మానించింది. ఆ తర్వాతి రంజాన్లలోనూ ఇరవై తొమ్మిదో సాయంత్రం ఏ దేశం ప్రకటన ఆ దేశానిదే.