ఆవగింజలో సగం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆర్మీ సెలెక్షన్ల కోసం తెల్లారకముందే రోడ్డెక్కి 1,600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లకి కొదవ లేదు. ఎన్‌సీసీ ఫైరింగ్ చేసినవాడెవడైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పరిగెత్తి వచ్చి పాయింట్ టూటూ (0.22 అంగుళాల) రైఫిల్ పడితే గురి ఎందుకు కుదరదు? ఊపిరి బిగబడితే చాలదా?

ఈ తంటానే ఆటగా చేసుకున్నది బయాథ్లాన్. స్కీల (మంచు మీద జారే పొడవాటి పలకల) మీద కిలోమీటర్ల కొద్దీ పోవడం, మధ్యలో ఆగి 50 మీటర్ల దూరంలోని 5 నల్ల బిళ్లల్ని 5 తూటాలతో కొట్టడం. మనకి మంచంటే పొగమంచే గనక స్కీల సంగతి వదిలేసి తుపాకి దగ్గరకి వద్దాం.

పడుకుని కాల్చేటప్పుడు బిళ్ల వ్యాసం 45 మిల్లీమీటర్లు, నిల్చుంటే 115. పడుకున్నప్పటి లెక్క చూడండి. నడిమి నుంచి అంచుకి 22.5 మి.మీ. దాన్ని 50,000తో భాగిస్తే 0.00045. భుజానికి ఆనిన చోటి నుంచి గొట్టం కొస దాకా సుమారు ఒక మీటరు. అంటే కొస 0.45 మి.మీ. జరిగిందా, నడిమికి పోవాల్సిన తూటా అంచుకి పోతుంది. ఆవగింజలో సగం కూడా లేదు! నిల్చున్నప్పుడు 1.15 మి.మీ., అంటే చిన్న ఆవగింజంత. బడిలో కోణమంటే కోణమానిని పెట్టి 30, 60 గీయించి ఊరుకుంటారు. కోణం రెండు దూరాల నిష్పత్తి అని ఒక్కసారి చెబితే ఈ లెక్క పిల్లలు నోటితోనే కట్టేస్తారు.

ఇంతకీ ఆ ఆవగింజని కదిపేది ఎవరు? పడుకున్నప్పుడు మోచేతులు నేల మీదుంటాయి. ఊపిరి పీలిస్తే ఛాతీ లేచి గొట్టం కొస దిగుతుంది, వదిలితే లేస్తుంది. అందుకే తప్పిన తూటాలు నిలువుగా, ఒకదాని కింద ఒకటి పడితే తప్పు ఊపిరిది. రైఫిల్ కదలకుండా జబ్బకి బిగించిన పట్టీ కింద ధమని కొట్టుకుంటుంది, ఆ అదురు పట్టీ గుండా రైఫిల్‌కి చేరుతుంది. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే రెండు దెబ్బల మధ్య 0.86 సెకను ఖాళీ. 180 అయితే 0.33 సెకనే. ఆ సందులో ట్రిగ్గర్ నొక్కుదామంటే కుదరదు. పట్టీ జరిపి చూసుకోవాలి, అంతే.

నిల్చుంటే కథ వేరు. బిళ్లవైపు పక్కగా తిరిగి నిలబడతారు కాబట్టి మడమల నుంచి మునివేళ్లకి ఒళ్లు ఊగిందంటే గొట్టం కుడిఎడమలకి పోతుంది. అలిసిన తొడలు, నడుము ఆ ఊగుని పెంచుతాయి. శ్రమ వల్ల పడుకుని కాల్చే గురి పెద్దగా చెడకపోవడం, నిల్చుని కాల్చేది బాగా చెడడం పరిశోధనల్లో కనిపించింది ఇందుకే. పిల్లలకి ఇంకో భారం: రైఫిల్ కనీస బరువు 3.5 కిలోలు. 75 కిలోల మనిషికి అది ఒంటి బరువులో 5 శాతం లోపే, 45 కిలోల పిల్లకి దాదాపు 8 శాతం. చేతి కండతో మోస్తే వణుకే. మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, బరువుని ఎముకలకి అప్పగించాలి.

ఇక ఊపిరి బిగబట్టడం. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ పొంగించి ఇనుప గొలుసులు తెంపేవాడని మనవైపు చెప్పుకుంటారు; దాన్ని వాయుస్తంభన, అంటే ఊపిరి లోపల బంధించే విద్య, మహిమ అనేవాళ్లూ ఉన్నారు. బలానికి నిండు ఊపిరి పనికొస్తుందేమో గానీ గురికి అది చేటు. రొమ్ము బిగుస్తుంది, కండలు అదురుతాయి. సగమో ముప్పాతికో వదిలాక ఛాతీ తనంతట తాను నిలిచే చోటుంది, తూటా అక్కడ వెళ్లాలి. రెండు మూడు సెకన్లలో కుదరకపోతే వదిలేసి మళ్లీ ఊపిరి తీయాలి. పంతానికి పట్టుకుంటే చూపు మసకబారి, వేలు ట్రిగ్గర్‌ని గుంజేస్తుంది. రేంజికి, అంటే కాల్చే చోటికి, వంద మీటర్ల ముందే వేగం తగ్గించి, రెండు మూడు నిండు ఊపిర్లు తీసి మొదటి తూటా వదలాలి. తర్వాత తూటాకి తూటాకి మధ్య ఒకటి రెండు ఊపిర్లు.

తుపాకి లేకుండా చూసుకోవచ్చు. మీటరు కర్రకి ఇసుక సంచి కట్టి 3.5 కిలోలు చేసి, కొసకి లేజర్ లైటు అతికించండి. 50లో ఐదో వంతు, అంటే 10 మీటర్ల దూరంలో గోడ మీద, నిల్చుని చూడడానికి 115లో ఐదో వంతు, 23 మి.మీ. వ్యాసం వలయం గీయండి, దాదాపు కొత్త రెండు రూపాయల బిళ్లంత. పడుకుని చూడడానికి 9 మి.మీ., చొక్కా గుండీ కన్నా చిన్నది. లేజర్ ఎవరి కంట్లోనూ పడకూడదు. మెట్లెక్కి దిగి, నాడి 150 దాటాక గురి పెట్టి, చుక్క నడకని ఫోనులో వీడియో తీయండి. నిలువు గీత ఊపిరిది, అడ్డగీత కాళ్లది. అడ్డగీతే పెద్దదైతే పాదాల మధ్య దూరం భుజాల వెడల్పంత చేసి మళ్లీ తీయండి.